కాంక్రీటు లోడు దించుకునే ముందు స్లంప్ చూడడం ఎలా?

స్లాబు రోజున ఆర్‌ఎంసీ (ప్లాంటులో కలిపి తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు) బండి వచ్చి గేటు ముందు నిలబడింది, కాంక్రీటు మరీ పలచగా కనిపిస్తోంది, వెనక్కి పంపించాలా అని కొందరు అడుగుతారు. గట్టిగా ఉంది, పంపు ఆపరేటర్ నీళ్లు కలపమంటున్నాడు, కలపనివ్వవచ్చా అని మరికొందరు అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ కంటితో చూసి జవాబు చెప్పడం పాతికేళ్లు పనిచేసిన మేస్త్రీకైనా కష్టమే. ఎందుకంటే అడ్మిక్స్చర్ (కాంక్రీటు గుణాన్ని మార్చే రసాయనం) వేసిన కాంక్రీటు నీరు తక్కువగా ఉన్నా జారుతూ కనిపిస్తుంది, రోబో సాండ్ (రాయిని పిండి చేసి తీసిన ఇసుక) ఎక్కువ గరుకుగా ఉంటే నీరు సరిపోయినా బిరుసుగా కనిపిస్తుంది. పది నిమిషాల్లో అయిపోయే స్లంప్ పరీక్షను (కోన్ ఆకారపు అచ్చులో నింపిన కాంక్రీటు, అచ్చు ఎత్తాక ఎంత కిందికి దిగిందో కొలిచే పరీక్షను) మీ కళ్ల ముందే, ఒక్క తట్ట కాంక్రీటు కూడా సెంట్రింగు మీద పడకముందే చేయించుకోవడం ఒక్కటే దీనికి దారి.

ఒక మాట ముందే చెప్పాలి. స్లంప్ కాంక్రీటు బలాన్ని చెప్పదు. బలం సంగతి 28 రోజుల తరువాత క్యూబులు (అదే కాంక్రీటుతో పోసిన నమూనా దిమ్మెలు) చెబుతాయి. పోయడానికి, ఊచల మధ్యకు సర్దడానికి కాంక్రీటు ఎంత అనువుగా ఉందో, మొదటి లోడుకూ అయిదో లోడుకూ మధ్య ఏమైనా మారిందో మాత్రమే స్లంప్ చెబుతుంది. అయితే క్యూబు ఫలితం వచ్చేనాటికి స్లాబు గట్టిపడిపోయి ఉంటుంది కనుక, లోడును ఆపగలిగే సమయంలో మీ చేతిలో ఉండే పరీక్ష ఇదొక్కటే.

పరీక్షకు ముందు తేల్చుకోవలసిన అంకె

ఎంత స్లంప్ కావాలో ముందే నిర్ణయించుకోకుండా పరీక్ష చేస్తే, వచ్చిన అంకెను ఎవరికి నచ్చినట్టు వారు సమర్థించుకుంటారు. కాబట్టి ఆర్డరు ఇచ్చేటప్పుడే గ్రేడుతో (ఎం25 వంటి బలం స్థాయితో) పాటు స్లంప్ కూడా రాయించండి. అది ప్లాంటు దగ్గర కొలిచేదా, మీ సైటులో దించే చోట కొలిచేదా అన్నది కూడా రాయించండి. మీకు కావలసింది రెండోది.

కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం ఊచలు పలచగా ఉన్న స్లాబులు, బీములు, పిల్లర్లు, స్ట్రిప్ ఫుటింగులకు 25 నుంచి 75 మి.మీ., ఊచలు దట్టంగా ఉన్నవాటికి 50 నుంచి 100 మి.మీ., పంపుతో పోసే కాంక్రీటుకు 75 నుంచి 100 మి.మీ. సరిపోతుంది. ఆచరణలో, పైపు పొడవు ఎక్కువైనప్పుడు, ఎండ మండిపోతున్నప్పుడు, 120 మి.మీ. పైన కూడా అడుగుతుంటారు. ఆ జారుడు అడ్మిక్స్చర్‌తో వచ్చినదైతే, ముందే డిజైన్‌లో ఉన్నదైతే అభ్యంతరం లేదు. సైటులో నీళ్లు పోసి తెచ్చినదైతే మాత్రం ఒప్పుకోకూడదు.

రెడీమిక్స్ ప్రమాణమైన ఐఎస్ 4926 కొంత వెసులుబాటు ఇచ్చింది. అడిగిన స్లంప్‌కు 25 మి.మీ. అటూ ఇటూ, లేదా అడిగినదానిలో మూడో వంతు అటూ ఇటూ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. మీరు 100 అడిగితే 75 నుంచి 125 వరకు ఒప్పుకోవాలి. 60 అడిగితే 40 నుంచి 80 వరకే.

కావలసినవి

స్లంప్ కోన్: అడుగున 200 మి.మీ., పైన 100 మి.మీ. లోపలి వ్యాసం, 300 మి.మీ. ఎత్తు ఉండాలి. టేపుతో ఒకసారి కొలిచి చూడండి, ఎందుకంటే కింద పడి సొట్టపడిన కోన్‌లు సైటుల్లో చాలా కనిపిస్తాయి.

కుదించే కడ్డీ: 16 మి.మీ. వ్యాసం, 600 మి.మీ. పొడవు, కొన గుండ్రంగా ఉన్న నున్నటి ఉక్కు కడ్డీ. సైటులో పడి ఉన్న 12 ఎంఎం టీఎంటీ ముక్క దీనికి పనికిరాదు. దాని గాడులు కాంక్రీటును పట్టి లాగుతాయి, కోసిన కొన కంకరను పక్కకు నెడుతుంది.

ఇవి కాక, నీరు పీల్చని చదునైన ఇనుప పలక, నీటిమట్టం (స్పిరిట్ లెవెల్), స్టీలు స్కేలు, తాపీ, చేతి పార, నమూనా పట్టడానికి ఒక పెద్ద తొట్టి లేదా చక్రాల బండి, తడిగుడ్డ, గడియారం కావాలి. కోన్‌లో పట్టేది అయిదున్నర లీటర్లే అయినా, నమూనా కనీసం దానికి రెండింతలు తీసుకోండి. రెండోసారి చేయవలసి వస్తే అదే అక్కరకు వస్తుంది. క్యూబులు కూడా పోయాలనుకుంటే ఇంకా ఎక్కువ పట్టాలి.

చేసే విధానం

1. ముందు చలాన్ చూడండి. గ్రేడు, అడిగిన స్లంప్, ప్లాంటులో లోడు చేసిన సమయం చదవండి. లోడు చేసిన రెండు గంటల్లోపు దించడం ఐఎస్ 4926 పెట్టిన మామూలు గడువు. గట్టిపడడాన్ని ఆలస్యం చేసే అడ్మిక్స్చర్ వేసి ముందుగా ఒప్పుకొని ఉంటే తప్ప దాన్ని దాటనివ్వకండి.

2. పలకను వైబ్రేటరుకు, జనరేటరుకు, బండ్లు తిరిగే దారికి దూరంగా, నీడలో పరచండి. నీటిమట్టం రెండు దిక్కులా పెట్టి చూడండి. పలక ఒక వైపు వాలి ఉంటే కాంక్రీటు ఆ వైపుకు ఒరిగి, మంచి కాంక్రీటు కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

3. బండి డ్రమ్మును వేగంగా ఒకటి రెండు నిమిషాలు తిప్పించండి. తరువాత మొదట జారే కొద్ది కాంక్రీటును, సుమారు 0.3 క్యూబిక్ మీటరు, నమూనాకు లెక్కించకండి. మొదట వచ్చేదానిలో కంకర ఎక్కువగానో, రసం ఎక్కువగానో ఉంటుంది. ఆ తరువాత ధార అడ్డంగా మొత్తం పట్టేలా తొట్టిని పెట్టి, రెండు మూడు విడతలుగా నమూనా తీసుకోండి. సైటులోనే మిల్లర్‌తో (కాంక్రీటు కలిపే యంత్రంతో) కలుపుతున్నట్లయితే, కనీసం రెండు నిమిషాలు కలిపాక, డ్రమ్ము దించుతుండగా మధ్యలో పట్టండి. కింద కుప్పపడిన కాంక్రీటు అంచు నుంచి ఎత్తకండి, ఎందుకంటే పెద్ద కంకర దొర్లి అంచుకే చేరుతుంది.

4. తొట్టిలోని నమూనాను పారతో కిందిది పైకి వచ్చేలా తిరగేసి కలపండి. ఈ పని చాలామంది వదిలేస్తారు, అంకె తప్పడానికి ఇదొక పెద్ద కారణం.

5. కోన్ లోపలి భాగాన్ని, పలకను తడిగుడ్డతో తుడవండి. తేమ ఉండాలి, నీళ్లు నిలవకూడదు. పాత కాంక్రీటు పెచ్చులు అంటుకొని ఉంటే గీకేయండి.

6. కోన్‌ను పలక మధ్యలో పెట్టి, రెండు పాదాలతో దాని చెవులను గట్టిగా తొక్కి పట్టండి. నింపడం పూర్తయ్యేదాకా కాలు తీయకూడదు. మధ్యలో కోన్ కదిలితే కాంక్రీటు అడుగు నుంచి కారిపోతుంది, అప్పుడు మొదటినుంచీ మళ్లీ చేయవలసిందే.

7. ఎత్తులో మూడో వంతు చొప్పున, అంటే సుమారు 100 మి.మీ. మందంతో, మూడు పొరలుగా నింపండి. ఒక్కో పొరను 25 పోట్లు పొడవండి. మొదటి పొరలో అంచుల దగ్గర కడ్డీని కొద్దిగా వాల్చి, సగం పోట్లు చుట్టూ వేస్తూ, సుడిలా మధ్యకు రండి. రెండో, మూడో పొరల్లో కడ్డీ కింది పొరలోకి కొంచెమే దిగాలి, అడుగుదాకా గుచ్చకండి.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. కాలేజీలో నాలుగు పొరలని నేర్చుకున్నాం కదా అంటారు. తాజా కాంక్రీటు పరీక్షల ప్రమాణమైన ఐఎస్ 1199 1959లో నాలుగు పొరలని చెప్పింది. 2018లో వచ్చిన దాని రెండో భాగం మూడు పొరలని చెబుతోంది. పాత పుస్తకాలు, పాత ల్యాబ్ రికార్డులు ఇంకా చేతులు మారుతున్నాయి కాబట్టి ఈ తికమక పోలేదు. మీ సైటులో కొత్త పద్ధతినే పాటించండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక లోడుకు ఒక రకంగా, మరో లోడుకు మరో రకంగా చేయకండి.

8. మూడో పొర పొడిచేటప్పుడు కాంక్రీటు కోన్ అంచు కన్నా కిందికి దిగితే కొంచెం పైన వేస్తూ, ఎప్పుడూ అంచు దాటి ఉండేలా చూడండి. పూర్తయ్యాక కడ్డీని పైన దొర్లిస్తూ చదును చేయండి. కోన్ అడుగున చుట్టూ పడిన కాంక్రీటును తీసి పలకను తుడవండి; అది అక్కడే ఉంటే జారే కాంక్రీటుకు అడ్డుపడుతుంది.

9. కోన్‌ను రెండు చేతులతో నిటారుగా, మెలి తిప్పకుండా, రెండు నుంచి అయిదు సెకన్లలో పైకి ఎత్తండి. విసురుగా లాగితే కాంక్రీటు దానితో పాటు లేస్తుంది. మరీ నిదానిస్తే కోన్ గోడలు కాంక్రీటును పట్టి ఉంచుతాయి. నింపడం మొదలుపెట్టినప్పటి నుంచి కోన్ ఎత్తేదాకా రెండున్నర నిమిషాలు దాటకూడదు.

10. కోన్‌ను తిరగేసి కాంక్రీటు పక్కన పెట్టి, దాని మీద కడ్డీని అడ్డంగా ఉంచండి. కడ్డీ అడుగు భాగం నుంచి, కిందికి దిగిన కాంక్రీటులో అన్నిటికన్నా ఎత్తైన చోటు వరకు స్కేలుతో కొలవండి. అదే స్లంప్. దగ్గరి 5 మి.మీ.కి సవరించి వెంటనే రాయండి. స్లంప్ అంటే మిగిలిన ఎత్తు కాదు, దిగిన ఎత్తు. 300లో 200 మిగిలితే స్లంప్ 100. ఈ తిరకాసులో పడి 200 అని రాసిన రిజిస్టర్లు నేను చూశాను.

అంకె కన్నా ముందు ఆకారం చూడండి

కాంక్రీటు అన్ని వైపులా సమంగా కూర్చుని, ఇంకా కోన్ పోలికతో ఉంటేనే అది సరైన స్లంప్. ఆ అంకెనే నమ్మాలి.

ఒక వైపు సగం కోసినట్టు జారి పడిపోతే అది షియర్ స్లంప్. అంకె రాయకండి; అదే నమూనాలో మిగిలిన కాంక్రీటుతో మళ్లీ చేయండి. మళ్లీ అలాగే విరిగిపడితే, తప్పు మీ చేతిలో కాదు, కాంక్రీటులో ఉంది. దానికి జిగి లేదు. సన్న ఇసుక తక్కువై ఉండవచ్చు, రోబో సాండ్ మరీ గరుకై ఉండవచ్చు. అలాంటి కాంక్రీటు పంపు పైపులో అడ్డుపడుతుంది, సెంట్రింగు విప్పాక పిల్లరు అడుగున తేనెపట్టులా గుల్లలు చూపిస్తుంది.

మొత్తం పరచుకుపోతే అది కొలాప్స్. 100 అడిగినచోట ఇలా వస్తే, దాని అంచు గమనించండి. కంకర మధ్యలో కుప్పగా మిగిలి, చుట్టూ నీటి వలయం తేలితే కాంక్రీటు విడిపోతోందన్నమాట. ఆ లోడు వద్దు. అంచు దాకా కంకరా, రసమూ కలిసే పరచుకుంటే అడ్మిక్స్చర్ ఎక్కువై ఉండవచ్చు. అప్పుడేం చేయాలో కింద చెబుతాను.

కొలిచాక మరో చిన్న పరిశీలన కూడా చేయండి. కూర్చున్న కాంక్రీటు పక్కన కడ్డీతో మెల్లగా తట్టండి. జిగి ఉన్న కాంక్రీటు ముద్దలాగే ఇంకొంచెం కిందికి దిగుతుంది. జిగి లేనిది పొడిపొడిగా రాలిపోతుంది. దీనికి అంకె లేదు కాబట్టి ఎవరూ రాయరు కానీ, నాకు మాత్రం ఇది స్లంప్ అంత విలువైన సమాచారమే.

అంకె తేడా వస్తే

ఒక్క పరీక్షతో లోడు వెనక్కి పంపకండి. మే నెలలో ఒక స్లాబుకు వచ్చిన మూడో బండి నుంచి నేనే తొందరపడి, చ్యూట్ (బండి నుంచి కాంక్రీటు జారే దోనె) మీద మొదట జారిన కాంక్రీటునే పట్టి కోన్ నింపాను. 100 అడిగిన చోట 55 వచ్చింది. బండిని వెనక్కి పొమ్మన్నాను. డ్రైవరు బతిమాలితే, అయిష్టంగానే, మరికొంత దించాక రెండో నమూనా పట్టాను, 95 వచ్చింది. తప్పు నాది. అప్పటి నుంచి తేడా వస్తే రెండో నమూనాతో మళ్లీ చేయకుండా నిర్ణయం చెప్పడం మానేశాను. ఒకే లోడు నుంచి, ఒకే మనిషి చేసిన రెండు పరీక్షలు 20, 25 మి.మీ. కన్నా ఎక్కువ తేడా చూపిస్తే, కాంక్రీటు కన్నా ముందు మీ పద్ధతిని అనుమానించండి.

రెండోసారి కూడా స్లంప్ తక్కువే వస్తే, నీళ్ల పైపు మాత్రం డ్రమ్ములోకి పెట్టనివ్వకండి. లెక్క చూడండి. క్యూబిక్ మీటరుకు 340 కిలోల సిమెంటు, 170 లీటర్ల నీరు ఉన్న ఎం25 కాంక్రీటులో నీటి, సిమెంటు నిష్పత్తి 0.50. ఆరు క్యూబిక్ మీటర్ల బండిలో ఏడు బక్కెట్లు, అంటే సుమారు 100 లీటర్లు పోస్తే, క్యూబిక్ మీటరుకు దాదాపు 17 లీటర్లు పెరిగి నిష్పత్తి 0.55కు చేరుతుంది. మధ్యస్థ వాతావరణ పరిస్థితుల్లో ఉండే ఆర్‌సీసీకి ఐఎస్ 456 అనుమతించిన గరిష్ఠ నిష్పత్తి 0.50. ఏడు బక్కెట్లతో ఆ హద్దు దాటిపోయింది, కానీ పైకి చూస్తే స్లాబు ఇంకా నున్నగా, అందంగా కనిపిస్తుంది.

దానికి బదులు ప్లాంటు టెక్నీషియన్‌ను పిలిచి, డిజైన్‌లో ఉన్న అదే అడ్మిక్స్చర్‌ను, ప్లాంటు చెప్పిన మోతాదులో వేయించండి. వేశాక కనీసం అయిదు నిమిషాలు వేగంగా తిప్పి, మళ్లీ స్లంప్ చూడండి. ఎంత వేశారో చలాన్ మీద రాయించండి. రెండు గంటల గడువు దగ్గరపడిన బండిలో ఈ ప్రయత్నం చేయకండి. అది గట్టిపడడం మొదలైన కాంక్రీటును బలవంతంగా పలచన చేయడమే అవుతుంది.

స్లంప్ ఎక్కువై, కంకర విడిపోకుండా ఉంటే, గడువు చేతిలో ఉన్నప్పుడు బండిని పావుగంట నిదానంగా తిప్పుతూ ఆపి మళ్లీ కొలవవచ్చు. దిగి వస్తే ప్లాంటును కారణం అడిగి, రాయించుకొని వాడండి. దిగకపోతే వెనక్కి పంపండి. నాలుగు బస్తాల సిమెంటు డ్రమ్ములో వేసి సరిచేస్తామంటే ఒప్పుకోకండి. పొడి సిమెంటు ఉండలు కట్టి, ఎక్కడ పడిందో తెలియకుండా పోతుంది.

సైటులో మిల్లర్‌తో కలిపేవారికి

మీ దగ్గర స్లంప్ మారడానికి మొదటి కారణం ఇసుకలోని తడి. బస్తా సిమెంటుకు 25 లీటర్ల నీరు లెక్కగట్టి, 100 కిలోల ఇసుక వేస్తున్నారనుకుందాం. రాత్రి వాన పడి ఇసుకలో అయిదు శాతం అదనపు నీరు ఉంటే, ఇసుకతోనే అయిదు లీటర్లు లోపలికి వెళ్లాయి. 0.50 కాస్తా 0.60 అయింది. కాబట్టి వాన పడిన మర్నాడు బక్కెట్ల లెక్కను పట్టుకొని కూర్చోకుండా, పోసే నీటిని తగ్గించి మొదటిసారి కలిపినదానికే స్లంప్ చూడండి. ఇసుక మారినప్పుడు, మధ్యాహ్నం ఎండ ముదిరినప్పుడు, మిల్లర్ దగ్గర మనిషి మారినప్పుడు కూడా మళ్లీ చూడండి. చివరిది వింతగా అనిపించవచ్చు కానీ, భోజనాల తరువాత చేతులు మారిన మిల్లర్ దగ్గర నేను తప్పకుండా కోన్ పెడతాను.

కోన్ పనికిరాని సందర్భాలు

కంకర 40 మి.మీ. కన్నా పెద్దదైతే, కాంక్రీటు అసలు కూర్చోనంత పొడిగా ఉంటే కోన్ చెప్పే అంకెకు అర్థం ఉండదు. పేవర్‌తో (రోడ్డు పరిచే యంత్రంతో) వేసే రోడ్ల వంటి పొడి కాంక్రీటుకు కంపాక్టింగ్ ఫ్యాక్టర్ పరీక్ష గానీ, వీబీ పరీక్ష గానీ చేయిస్తారు. ఐఎస్ 456 అలాంటి కాంక్రీటుకు 0.75 నుంచి 0.80 కంపాక్టింగ్ ఫ్యాక్టర్ సూచించింది. నీటి అడుగున ట్రెమీతో (కాంక్రీటును అడుగుదాకా దించే గొట్టంతో) పోసే అతి జారుడు కాంక్రీటుకు ఫ్లో టేబుల్ (ఎంత పరచుకుందో కొలిచే బల్ల) వాడాలి. తనంతట తానే సర్దుకునే కాంక్రీటుకైతే ఇదే కోన్ వాడినా, ఎంత దిగిందో కాక ఎంత వెడల్పు పరచుకుందో రెండు అడ్డకొలతలు తీసి సగటు చూస్తారు, దాన్ని కడ్డీతో పొడవరు. కాంక్రీటును అరచేతిలో ఉండ చేసి చూడడం మాత్రం వీటిలో దేనికీ ప్రత్యామ్నాయం కాదు.

రాసిపెట్టవలసినవి

బండి నంబరు, చలాన్ నంబరు, లోడు చేసిన సమయం, పరీక్ష చేసిన సమయం, స్లంప్, ఆకారం, కలిపిన అడ్మిక్స్చర్, పోసిన చోటు, తీసుకున్న నిర్ణయం ఒకే వరుసలో రాసి, ప్లాంటు మనిషి చేత సంతకం చేయించండి. పోసిన చోటును రాసేటప్పుడు ‘స్లాబు’ అని వదిలేయకుండా, ఏ పిల్లరు నుంచి ఏ పిల్లరు దాకా అన్నది రాయండి. రేపు ఒక క్యూబు తక్కువ బలం చూపిస్తే, ఎక్కడ వెతకాలో ఆ వరుసే చెబుతుంది. పరీక్షకు వాడిన కాంక్రీటుతో క్యూబులు పోయకండి, తొట్టిలో మిగిలినదాన్ని మళ్లీ తిరగేసి కలిపి పోయండి. కోన్‌ను మాత్రం అప్పటికప్పుడే కడిగి పెట్టండి, ఎందుకంటే తరువాతి బండి అరగంటలో వస్తుంది.